బన్సీలాల్‌పేట్‌లో చలిమంట గూడు

2023 ఆగస్టు. సికింద్రాబాద్‌లో, విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఒక పీజీ కాలేజీ. మొదటి అంతస్తులో జిరాక్స్ మెషిన్ గదికీ ఎకనామిక్స్ వాళ్ల క్లాసుకీ మధ్య ఇరికించిన గది మా ఫ్రెంచ్ డిపార్ట్‌మెంట్. కిటికీ తెరిస్తే బస్సుల హారన్లు, మూస్తే ఉక్కపోత. చాలా ఏళ్లుగా నేను పాఠం చెబుతున్నది ఆ గదిలోనే.

ఫ్రెంచ్ టీచర్నని చెప్పగానే జనం నన్ను రెండు ప్రశ్నలు అడుగుతారు. "ప్యారిస్ ఎన్నిసార్లు వెళ్లారండీ?" అన్నది మొదటిది. "మావాడికి ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ ఇప్పిస్తే మార్కులు వస్తాయా?" అన్నది రెండోది. మొదటిదానికి జవాబు, ఒక్కసారి కూడా వెళ్లలేదు. రెండోదానికి జవాబు, మార్కులు వస్తాయి, భాష రాదు. రెండు జవాబులూ వాళ్లకు నచ్చవు. నచ్చేలా చెప్పడం నాకు చేతకాదు.

మన ఊళ్లో ఫ్రెంచ్‌ని 'స్కోరింగ్ సబ్జెక్ట్' అంటారు. కష్టపడకుండా మార్కులు రాల్చే చెట్టన్నమాట. ఒక గైడు కొంటారు, అందులోని వ్యాసాలు బట్టీ కొడతారు, పరీక్షలో కక్కేసి వస్తారు. ఆ పేపర్లు దిద్దడానికి టీచర్లందర్నీ ఒకచోట కూర్చోబెడతారు. దాన్ని 'స్పాట్ వాల్యుయేషన్' అంటారు. 'మా ఇల్లు' అనే వ్యాసం వచ్చిన ఏడు నా అవస్థ చూడాలి. ఏ కట్ట విప్పినా ఒకటే ఇల్లు. ముందు పూలతోట, లోపల షెమినే, అంటే గోడలోనే కట్టిన చలిమంట గూడు. చలికాలం నాన్న అందులో మంట వేస్తాడు, అమ్మ ఆపిల్ టార్ట్ చేస్తుంది, మెడోర్ అనే కుక్క మంట పక్కన పడుకుంటుంది. అల్వాల్ పిల్లదీ అదే ఇల్లు, బొల్లారం పిల్లాడిదీ అదే ఇల్లు. కుక్క కూడా ఒక్కటే. జంటనగరాల పిల్లలందర్నీ కాపలా కాస్తూ ఆ కుక్క ఎప్పుడు నిద్రపోతుందో నాకు తెలియదు.

అందుకే ఆ రోజు కొత్త ఎం.ఏ. క్లాసులో, కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయిని మీ ఇంటి గురించి ఫ్రెంచ్‌లో చెప్పమ్మా అని అడిగితే, ఆమె పూలతోటతో మొదలుపెట్టగానే నాకు ఒళ్లు మండింది. కానీ ఆపలేకపోయాను. ఉచ్చారణ అంత బాగుంది. పైగా గైడులో లేనివి కూడా చెబుతోంది. కిటికీ తెరల రంగు చెప్పింది. మంట ఎగసినప్పుడు మెడోర్ చెవులు ఎలా కదిలిస్తుందో చెప్పింది.

"నీ పేరేంటి?"

"శ్రావణి, మేడమ్."

"ఉండేదెక్కడ?"

"బన్సీలాల్‌పేట్."

"బన్సీలాల్‌పేట్‌లో మీ ఇంట్లో చలిమంట గూడు ఉందా?"

క్లాసు నవ్వింది. ఆమె నవ్వలేదు. "లేదు మేడమ్. గ్యాస్ పొయ్యి ఉంది."

"మరి ఉన్న ఇంటి గురించి చెప్పొచ్చుగా?"

"మాది రేకుల ఇల్లు మేడమ్. రెండు అర్రలు. గిదంత ఫ్రెంచ్‌ల చెప్తే ఎవరింటరు?"

చాలామందికి నా నోరంటే భయం. ఈ పిల్లకు లేదని అప్పుడే అర్థమైంది.

దసరా సెలవుల తర్వాత శ్రావణి స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. ఫ్రాన్స్‌లోని బడుల్లో ఒక విద్యాసంవత్సరం పాటు ఇంగ్లీషు మాట్లాడించే సహాయక టీచర్లుగా మన విద్యార్థులను తీసుకునే పథకం ఒకటుంది. దరఖాస్తు పెట్టాలి, తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. దానికి తనను తయారుచేయమని అడిగింది.

"మా నాయిన ఒక్కసారే ట్రై చెయ్యమన్నడు మేడమ్. రాకుంటే ఫ్రెంచ్ ప్రాసెస్‌ల జాయిన్ అవుడే."

ఫ్రెంచ్ ప్రాసెస్ అంటే, హైటెక్ సిటీలో కూర్చుని ఫ్రాన్స్ నుంచి వచ్చే ఫోన్లకు వాళ్ల భాషలో జవాబిచ్చే ఉద్యోగం. తప్పుడు ఉద్యోగం కాదు. నా విద్యార్థుల్లో సగం మంది అక్కడే ఉన్నారు. కానీ ఒకసారి అందులో పడ్డ పిల్లలు మళ్లీ మా గది మెట్లెక్కడం నేను చూడలేదు.

"ఎందుకు వెళ్లాలనుంది? ఈఫిల్ టవరు ముందు ఫొటోకా?"

"కాదు మేడమ్." తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మా నాయినకు మోటార్ వైండింగ్ షాపుంది. నేను ఏ గల్లీల నడిచినా, ఏ దుకాణంల నిలబడ్డా, ఎవల బిడ్డవే అని అడుగుతరు. మోటార్ల నర్సింగ్ బిడ్డ. గంతే నేను. ఎటు పోయిన, ఎప్పుడొచ్చిన, చున్నీ ఎందుకు లేదు, అన్నీ షాపుకు చేరుతయి. ఎవల బిడ్డవు అని ఎవ్వరడగని ఊర్ల ఒక్క ఏడాది ఉండాలె మేడమ్. జెర మీరే ఏదన్న చెయ్యుండ్రి."

చేస్తానన్నాను, ఒక షరతు మీద. "ఆ షెమినే ఇల్లు వదిలెయ్. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లు అలాంటి ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లు. వాళ్ల ఇల్లు వాళ్లకే వర్ణిస్తావా? మీ గల్లీ గురించి చెప్పు."

అప్పుడామె ఏడుస్తుందని నేను ఊహించలేదు. ఏడుస్తూనే పోట్లాడింది. "నేను గాడికెల్లి బయటపడనీకే ఫ్రెంచ్ నేర్సుకున్న. మీరు మళ్ల గాడికే తోలుతున్నరు! ఇంటర్‌ల ఉన్నప్పుడు ఇంట్ల లొల్లి అయితే ఆ పాఠం తీసి ఆ ఇంట్ల పోయి కూసునేదాన్ని మేడమ్. నాకు ఆ ఇంట్ల ఏ చెంచా ఏడుందో తెలుసు. మీకు గా ఇల్లు బట్టీ లెక్క కనిపిస్తది."

నన్ను మాటల్లో ఎవరైనా ఓడిస్తే మా ఆయన మిఠాయిలు పంచుతాడు, ఈ పిల్ల ఓడించింది. ఎందుకంటే అలాంటి ఇల్లు నాకూ ఉంది. ఏనాడూ చూడని ప్యారిస్‌లో ఒక వీధి ఉంది. మెట్రో దిగి ఎడమకు తిరిగితే పువ్వుల కొట్టు, దాని పక్కన పాత పుస్తకాల కొట్టు, చివర నీలం తలుపు. కళ్లు మూసుకుని నడవగలను. పాస్‌పోర్టు గడువు తీరినప్పుడల్లా రెన్యూ చేయిస్తాను. ఒక ముద్రా పడకుండానే అది మళ్లీ ముసలిదవుతుంది. మేముండే కార్ఖానా ఏరియాలో వాన పడుతుంటే మా ఆయన అడుగుతాడు, "ఏమే, మీ ప్యారిస్‌లో కూడా పడుతోందా?" అని. వేళాకోళమే. కానీ నేను నిజంగానే ఫోన్ తీసి అక్కడి వాతావరణం చూస్తాను.

ఇదంతా శ్రావణికి చెప్పలేదు. "సరే, ఏడుపు ఆపు. ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను," అన్నాను.

వెళ్లాను. బన్సీలాల్‌పేట్ మెట్లబావి అప్పటికి బాగుపడి ఏడాదవుతోంది. దశాబ్దాలపాటు చెత్తతో పూడిపోయి ఉన్నదాన్ని తవ్వి తీశారు. ఇప్పుడు దాని ముందు కెమెరాలతో జనం. శ్రావణి వాళ్ల ఇల్లు ఆ దగ్గర్లోనే, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తిగిల్లాల్సినంత సందులో. గడప దగ్గర వాళ్ల నాయినమ్మ రాజవ్వ కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది.

"అవ్వా, మా మేడమ్," అంది శ్రావణి.

రాజవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఎవల బిడ్డవమ్మా నువ్వు?"

శ్రావణి తల పట్టుకుంది. "అవ్వా! ఆమె కాలేజీ మేడమ్. గట్ల అడుగుతరా?"

"ఏం, మేడమయితే ఆకాశంకెల్లి ఊడిపడ్డదా? ఎవలకో ఒకలకు బిడ్డే గద."

నాకు యాభై దాటాయి. నన్ను మేడమ్ అంటారు, ఆంటీ అంటారు, ఫలానా ఆయన భార్య అంటారు. మా నాన్న పోయాక ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లంతా ఆయనతోనే పోయారు.

"రైల్వే సుబ్బారావు గారి అమ్మాయినండీ," అన్నాను. "తెనాలి వైపు నుంచి వచ్చి కార్ఖానాలో ఇల్లు కట్టుకున్నాం." ఆ పేరు నా నోటితో పలికి ఎన్నాళ్లయిందో.

"రైలు సుబ్బారావు బిడ్డ," అని రాజవ్వ ఖాయం చేసింది. "కూసో బిడ్డా. చాయ్ తాగు."

అంత తేలిగ్గా నాకొక ఇంట్లో చోటు దొరికింది. శ్రావణి నా మొహంలోకి చూసింది.

చాయ్ తాగుతుంటే రాజవ్వ బావి సంగతి ఎత్తింది. "మేం నీళ్లు తోడిన బాయి గది. నల్లాలొచ్చినయి, బాయిల చెత్త ఏసిండ్రు. గీ పోరి పుట్టేనాటికి అది బాయని సుత తెల్వదు ఎవ్వలకు. చెత్త మీద కోళ్లు తిరిగేవి. కింద మెట్లు గట్లనే ఉన్నయి సూడు, ఏడ పోలే."

"శ్రావణీ, ఇది ఫ్రెంచ్‌లో చెప్పు," అన్నాను.

ఆమె మొదలుపెట్టింది, ఆగిపోయింది. షెమినే పక్కన కట్టెలు పేర్చే బుట్టకు ఆమె దగ్గర మాటుంది. బావి ఒరకు లేదు. చేదకు లేదు. మోటారుకు చుట్టే రాగితీగకు లేదు. పుట్టినప్పటినుంచీ కళ్లముందున్న వస్తువు ఒక్కదానికీ ఆ భాషలో పేరు తెలియదు. మా పద్ధతి అంతే. అక్కడి వంటింటికి దారి చూపిస్తాం, ఇక్కడి గడప దగ్గర మూగదాన్ని చేస్తాం.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆ సందులోనే పాఠం. కనబడినదానికల్లా మాట వెతకడం, మాట దొరక్కపోతే నాలుగు మాటల్లో వివరించడం. వాళ్ల నాన్న నర్సింగ్ షాపు ముందు నిలబడి శ్రావణి కాలిపోయిన మోటారును ఫ్రెంచ్‌లో వర్ణిస్తుంటే ఆయన పనివాళ్లతో అన్నాడు, "సూడుండ్రిరా, నా మోటార్లు ఫారిన్ పోతున్నయి." శ్రావణి సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత తర్వాత చావడం మానేసింది.

సంక్రాంతి దాటాక ఇంటర్వ్యూ. ఒక ఫ్రెంచ్ ఆవిడ, ఒక మనవాడు కూర్చున్నారట. నేను బయట మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడ్డాను.

శ్రావణి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "ఖరాబ్ చేసిన మేడమ్."

"ఏమైంది?"

"మీ ఇంటి గురించి చెప్పు అన్నదామె. పరేషాన్‌ల నోట్లకెల్లి పూలతోట, షెమినే వచ్చేసింది."

నేను కళ్లు మూసుకున్నాను. "తర్వాత?"

"గీ ఇల్లు మస్తు సార్లు విన్నట్టు ఆమె నవ్వు మొహం పెట్టింది. ఇగ అప్పుడు ఆగిన. చెప్పిన. మాఫ్ చెయ్యండి, అది నా రెండో ఇల్లు, ఇంటర్‌ కెల్లి దాంట్ల ఉంటున్న. ఇప్పుడు నేను పండుకునే ఇంటి గురించి చెప్త అన్న. రేకులు చెప్పిన, బాయి చెప్పిన, నాయిన షాపు చెప్పిన. అవ్వ అందర్ని ఎవల బిడ్డవని అడుగుతదని చెప్పిన. రెండిట్ల నీకు ఏ ఇల్లు ఇష్టం అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"మీ దిక్కొచ్చినంక చెప్త అన్న."

ఎండాకాలం సెలవులకు ముందు జాబితాలో ఆమె పేరు వచ్చింది. చదువు ఒక ఏడాది ఆపి, శ్రావణి ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఊరికి వెళ్లింది.

మొదట్లో మెసేజీలు పొట్టిగా ఉండేవి. చలికాలంలో ఒక రోజు ఫోన్ చేసింది.

"మేడమ్, షెమినే చూసిన. మా ఓనరామె ఇంట్ల ఉంది."

"మంట వేస్తుందా?"

"ఏది మేడమ్! దాంట్ల టీవీ పెట్టుకుంది."

"కుక్క?"

"పిల్లి."

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వు అయిపోయాక ఆమె రొట్టెల కొట్టు సంగతి ఎత్తింది. "రొట్టెలామె బోంజూర్ అంటది, నేను బోంజూర్ అంట. గంతే మేడమ్. నేనెవరో ఎవ్వలకు అక్కర లేదు."

"కోరుకున్నది అదేగా?"

"అదే మేడమ్. అదే కోరుకున్న."

మామూలుగా అయితే ఇక్కడ నేనొక చురక వేసేదాన్ని. బదులుగా బడి సంగతులు అడిగాను.

"మొన్న క్లాసుల అవ్వ గురించి చెప్పిన," అంది. "పిల్లలకు మస్తు నచ్చింది. అయిపోయినంక ఒక పిల్ల చెయ్యి లేపింది. మరి మీరెవరి బిడ్డ అని అడిగింది మేడమ్. వాళ్ల భాషల. నన్ను."

"ఏం చెప్పావు?"

"మోటార్ల నర్సింగ్ బిడ్డ." అంది. "ఇప్పుడు రోజూ గట్లనే పిలుస్తున్నరు. బన్సీలాల్‌పేట్ ఎప్పుడు తోల్కపోతవని లొల్లి."

మా కార్ఖానా నుంచి బన్సీలాల్‌పేట్ ఆటోలో కాసేపటి దూరం. కానీ ఆ మాట విన్నాక, ఎన్నడూ చూడని ఊరి మీద పెట్టుకున్నట్టు నాకు దాని మీద బెంగ పుట్టింది.

ఈ అనుభవం నాకేం నేర్పిందంటే, చిన్న సంగతే. ఆ గైడు మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ ఇప్పుడు స్పాట్ వాల్యుయేషన్‌లో మెడోర్ ఎదురైతే ఎర్ర పెన్ను ఒక క్షణం ఆపుతాను. ఏ రేకుల ఇంట్లోని ఏ పిల్ల ఆ మంట దగ్గర చలి కాచుకుంటోందో అని. పెన్ను పక్కన పెట్టను, ఎక్కువ మార్కులూ వేయను. ఆ పేపరు మళ్లీ ఆ పిల్ల చేతికి వెళ్లదని తెలిసినా మార్జిన్‌లో మాత్రం రాస్తాను: బాగుంది, ఇప్పుడు నువ్వు పడుకునే ఇంటి గురించి కూడా చెప్పు.

నా పాస్‌పోర్టు ఇంకా ఖాళీగానే ఉంది. అప్పుడప్పుడు ఆదివారం బన్సీలాల్‌పేట్ వెళ్తాను. రాజవ్వకు మతిమరుపు మొదలైంది. గడప దగ్గర నన్ను చూసి ప్రతిసారీ కొత్తగా అడుగుతుంది, "ఎవల బిడ్డవమ్మా నువ్వు?" అని. కిందటిసారి వచ్చానుగా అవ్వా అని నేను గుర్తు చేయను.

"రైలు సుబ్బారావు బిడ్డనవ్వా," అంటాను.