పోగు ముడికి లొంగని ఎండ్రకాయలు

రాని పని చేసి పరువు పోగొట్టుకున్నవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. బాగా వచ్చిన పని చేసి పోగొట్టుకున్నవాణ్ణి మా పొదటూరుపేట మొత్తానికి నేనొక్కణ్ణే. పెళ్ళి కుదరాల్సిన రోజునే దాన్ని నా చేతులతో నేనే ఎలా నాశనం చేసుకోబోయానో చెబుతాను, దగ్గరికి జరిగి కూర్చోండి.

మాది నేత ఇల్లు. మగ్గం మీద పోగు తెగితే కళ్ళు మూసుకుని అతకగలను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు కాబట్టి, ఈ విద్య ముందు లోకంలోని విద్యలన్నీ దిగదుడుపే అనుకునేవాణ్ణి. తిరువళ్ళూరులో రేవతిని ఇష్టపడ్డాను. ఆమె సరేనంది, వాళ్ళమ్మ సరేనంది. వాళ్ళ నాయన ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు సూపర్‌వైజరుగా చేసిన మనిషి. నన్ను ఎగాదిగా చూసి "చూద్దాం" అన్నాడు. ఆ చూడ్డం ఎనిమిది నెలలైనా పూర్తి కాలేదు.

ఉపాయం రేవతే చెప్పింది. "మా నాయినకు ఎండ్రకాయలంటే పానం. పళవేర్కాడుకు పిల్చుకోని పో. బతికుండేవి కొనియ్యి. ఆ పొద్దే అడుగు."

ఎండ్రకాయలంటే పీతలే లెండి, మా వైపు అట్లాగే అంటాం. స్నేహితుడి కారు తెచ్చాను. ముందు సీట్లో కాబోయే మామ, వెనక అత్త, స్టీరింగు దగ్గర నేను, నా గుండెదడ. పళవేర్కాడు, అదే పులికాట్ సరస్సు ఒడ్డున మామ ఒక్కొక్క ఎండ్రకాయనూ వెల్లకిలా తిప్పి, పొట్ట నొక్కి, ఎనిమిదింటిని ఎంచాడు. సంబంధాలు చూసేటప్పుడు కూడా ఎవరూ అంత పరీక్ష చేయరు. వాటి కొండీలకు నైలాను తాడు కట్టి ఉంది.

అమ్మే ఆమె నన్నే చూసి చెప్పింది. "తంబీ, కట్టు మాత్రం విప్పొద్దు. చట్టిలో ఏసేదాకా అట్లే ఉండనీ."

"సరే అక్కా" అన్నాను. నోరు అంది, చేతులు ఒప్పుకోలేదు.

పొన్నేరిలో టీ కోసం ఆగాం. మామ వెనక సీటు దగ్గరున్న ఎండ్రకాయల బుట్టలోకి తొంగిచూసి, "ఏమప్పా, దీని కట్టు వదులైనట్టుందే?" అన్నాడు. ఆయన నన్నేమీ చేయమనలేదు. నాకు మాత్రం సాక్షాత్తూ మురుగనే కొండ దిగి పిలిచినట్టు వినిపించింది.

"ఇదేం కట్టు మామా! గొడ్డును కట్టినట్టు కట్టినారు. మా ఇంట్లో పిల్లోళ్ళు ఇంతకన్నా బాగా ముడేస్తారు."

"వద్దులే నాయినా, ఆయమ్మ అంత చెప్పింది గదా" అంది అత్త.

"అత్తా, ముడి సంగతి నేతోడికా చెప్పేది?"

జేబులోంచి నూలు తీశాను. ముందు నా ముడి వేయడం, తర్వాత పాత తాడు కోసేయడం. అలా ఎనిమిదింటికీ వేశాను. మామ కళ్ళద్దాలు సర్దుకుని వెతికాడు. "ముడి యాడుందో కనపడ్డంలే! చేతిలో పనుందయ్యా నీకు" అని నవ్వాడు. ఎనిమిది నెలల్లో మొదటి నవ్వు! టీ కొట్టు చాటుకు పోయి రేవతికి "నవ్వినాడు" అని మెసేజ్ పెట్టాను. "ఇప్పుడే అడుగు" అని వెంటనే జవాబొచ్చింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మగ్గం దగ్గర గెలిచి ఎండ్రకాయ దగ్గరికి పొమ్మని ఎవరూ అనలేదు.

పెరియపాళయం దాటాక గొంతు సవరించుకున్నాను. "మామా, ఒక విషయం..."

"చెప్పు."

"ఇదో, మిమ్మల్నే" అంది అత్త వెనక నుంచి. "బుట్టలో గరగరమంటాందే?"

"బతికుండే సరుకు, అట్లే అంటుంది. నువ్వు చెప్పప్పా."

"మా రేవతి... అంటే మీ రేవతి..."

"అయ్యో, ఒకటి బయటికొచ్చేసింది!"

ఇక్కడ మా విద్య రహస్యం ఒకటి చెప్పాలి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగు, ఎప్పుడూ బిగువుగా ఉంటుంది, అందుకే మా ముడి నిలుస్తుంది. ఎండ్రకాయ బిగిస్తుంది, వదులుతుంది, మళ్ళీ బిగిస్తుంది. ఈ సంగతి వెంగల్ దగ్గర, బండి అరవైలో పోతుండగా నాకు బోధపడింది.

అత్త రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుంది. "రెండు! మూడు! ఒకటి ముందుకొస్తాంది!"

చెప్పులు విప్పేసి నడుపుతున్నాను. పాదం పక్కన చల్లగా ఏదో కదిలింది. ఎదురుగా రోడ్డు నిండా గడ్డి ట్రాక్టరు.

"బ్రేకెయ్‌రా!"

"అది బ్రేకు కిందే ఉంది మామా!"

"ఉండు, నేను తీస్తా" అని మామ వంగి చెయ్యి పెట్టాడు. మరుక్షణం ఆయన వేసిన కేకకు నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు పక్కకు దిగి వరిమడి గట్టు మీద ఆగింది. నాలుగు తలుపులూ తెరుచుకున్నాయి. మామ బొటనవేలికి ఎండ్రకాయ వేలాడుతోంది. దాన్ని పట్టుకుని బలంకొద్దీ లాగాను.

"లాగొద్దురా! నువ్వు లాగితే అది యాడ వదుల్తుందిరా!"

చివరికి అత్తే ఆయన చేతిని పట్టుకుని మడి నీళ్ళలో ముంచింది. అది వదిలేసి హాయిగా పోయింది. ఈ గొడవలో మిగతా ఏడూ ఎప్పుడో దిగిపోయాయి.

ఖాళీ బుట్టతో తిరువళ్ళూరు దారి పట్టాం. మామ వేలికి నా తుండుగుడ్డ. నాకు ఏడుపొచ్చేసింది. రేవతి ఇక నాకు దక్కదని నిజంగానే అనుకున్నాను.

వాకిట్లో రేవతి. "ఎండ్రకాయలు యాడ నాయినా?"

"వెంగల్‌లో కాపరం పెట్టినాయి" అని మామ నావైపు తిరిగాడు. "ఒరే, నీళ్ళలో ముంచితే ఆ ఎండ్రకాయన్నా వదిలింది. ఎనిమిది నెలలుగా నువ్వు నన్ను వదిలేటట్టు లేవు. పిల్లనిస్తాను."

నేను కాళ్ళ మీద పడబోయాను.

"ఆగు. పెండ్లి మాత్రం రిజిస్టరాఫీసులోనే. సంతకం పెట్టు, చాలు. నా బిడ్డ మెళ్ళో నువ్వు ముడెయ్యొద్దు."

కాబట్టి తిరుత్తణి కొండవైపు తిరిగి, చెంపలు వేసుకుని ప్రమాణం చేస్తున్నాను: ప్రాణమున్న దేనికీ ఈ జన్మలో ముడి వేయను, ఒకరు వేసింది విప్పను. బియ్యం మూటకైనా సరే, రేవతి రబ్బరు బ్యాండు ఇస్తుంది, నోరు మూసుకుని అదే వేస్తాను.