ఒర్తెన్సియో గారి బొచ్చుకుక్క

ఒర్తెన్సియో గారు లేని కుట్టు గీయరు, ఉన్న మరక వదలరు. మోంతెవెర్దె సంస్థానంలో రాణివాసపు స్త్రీల బొమ్మలు గీసే ఆస్థాన చిత్రకారుడాయన. ముఖం పావుగంటలో ముగించి, గౌను చేతులకూ లేసులకూ గుండుసూదులకూ మూడు గంటలు తీసుకునేవారు. రంగులు వేసేటప్పుడు మరిచిపోకుండా కాగితం అంచున "నల్ల మఖమల్, ముత్యాలు ఏడు" అని రాసుకునేవారు.

ఒకసారి సాక్షాత్తూ డచెస్సే అడిగింది.

"ఎనిమిది ముత్యాలు వెయ్యవయ్యా. ఎనిమిదోది పెట్టెలో ఉంది."

"అయితే పెట్టె కూడా తెప్పించండి దొరసానీ. పెట్టె గీస్తాను."

కౌంటెస్ గారైతే గౌను రొమ్ము మీది మరకను చూపించి అది నీడేనని వాదించింది. ఆయన వంగి వాసన చూశారు. "నీడకి ఉల్లిపాయ వాసన రాదమ్మా" అంటూ, అంచున "ఇక్కడ సూపు మరక" అని రాసేశారు.

ఇంత నిక్కచ్చి మనిషికి బ్రిచోలా అని పిండిబస్తాలాంటి బొచ్చుకుక్క ఒకటి. అది నడవదు. దారి పొడుగునా తిట్టుకుంటూ చంకలో మోసుకొచ్చేవారు. కొందరి బొమ్మల్లో దాన్ని పెట్టేవారు, కొందరికి పెట్టేవారు కాదు. కౌంటెస్ ముచ్చటపడి అడిగితే "మీకు కుక్క అక్కర్లేదు" అని మొహం మీదే చెప్పారు. ముసలాయనకు చాదస్తం ముదిరిందని రాణివాసమంతా నవ్వుకునేది.

ఒర్సోలాకు మాత్రం నవ్వు రాలేదు. రాకుమారి బియాంకా పెళ్లై తూరిన్ నగరానికి వెళుతోంది. వెంట వచ్చే చెలికత్తెను కాబోయే అత్తగారు బొమ్మలు చూసి ఎంచుకుంటుందట. బియాంకాతో ఒకే కంచంలో తిని పెరిగిన పిల్ల ఒర్సోలా. ఆమెను వదిలి ఉండలేదు. కానీ ఉన్నది ఒక్కటే ఆకుపచ్చ గౌను, అదీ చనిపోయిన తల్లిది. కుడి మోచేతి దగ్గర పెద్ద గోధుమరంగు మాసిక. గీసేది చూస్తే ఒర్తెన్సియో గారు!

ఆ రోజు చెయ్యి వెనక్కి దాచుకుని కూర్చుంది.

"చెయ్యి ముందుకు పెట్టు."

"నొప్పిగా ఉంది గురువుగారూ."

"అబద్ధాలాడకు. ముందుకు!"

పెట్టింది. ఆయన మాసికను చాలాసేపు చూశారు. ఒర్సోలా రెండో చేత్తో దాన్ని కప్పబోయింది. ఇంతలో ఆయనకు ఎక్కడలేని విసుగు వచ్చింది.

"ఇదిగో, ఈ దరిద్రపుదాన్ని పట్టుకో. నా చెయ్యి లాగేస్తోంది. అలా కాదు, మోచేతి మీదకి. ఆఁ, అక్కడ!"

బ్రిచోలా ఆవులించి, ఆమె మోచేతి మీద వాలి గుర్రుపెట్టింది.

పని అయ్యాక ఆయన బొమ్మల కట్ట విప్పారు. ఒర్సోలా తొంగిచూసింది. తోటి చెలికత్తె సెరాఫీనా ఒళ్లో కుక్క. కొవ్వొత్తి పడి ఆ గౌను కాలింది సరిగ్గా అక్కడే. విధవరాలు తద్దెయా భుజం మీద కుక్క. ఆ భుజం దగ్గర చిరుగు కుట్టిపెట్టింది ఒర్సోలాయే.

"గురువుగారూ, మరి నా మాసిక..."

"ఏం మాసిక? నాకు కనబడిందే గీస్తాను. నాకు కుక్క కనబడింది." కసురుకుని, అంచున రాసుకున్నారు: "ఆకుపచ్చ మఖమల్. కుక్క, చాలా బరువు."

నెల తిరక్కుండా తూరిన్ నుంచి జాబు వచ్చింది. డచెస్ అందరి ముందూ చదివింది. "ఒర్సోలాను పంపండి. గౌన్లు మేమే కుట్టిస్తాం. ఆ ముద్దొచ్చే కుక్కను కూడా పంపండి."

బియాంకా, ఒర్సోలా ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. ఒర్తెన్సియో గారు బ్రిచోలాను చంకలో గట్టిగా బిగించుకున్నారు.

"పిల్లను తీసుకెళ్లమనండి దొరసానీ. కుక్క మాత్రం కుదరదు. దానికిక్కడ బోలెడు పనుంది."