ఐదున్నర బస్సు కోసం తీసేసిన పన్నెండో రీలు

పోయిన ఏడాది ఏప్రిల్ నెల, తాడిపత్రి. ఎనభైలలో వచ్చిన ఒక సంగీతం సినిమాను శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేస్తే మా హాల్లో మాట్నీకి వేశాం. నలభై ఏళ్లకు పైగా నేను ఇక్కడే ఆపరేటర్‌ను. ఆపరేటర్ అంటే గోడకున్న చిన్న కంతలోంచి తెర మీదికి బొమ్మ వేసేవాడు. ఇప్పుడు సినిమా మొత్తం సర్వర్ అనే పెట్టెలో కూర్చుంటుంది. మీట నొక్కితే చాలు, నేను కాళ్లు చాపుకొని టీ తాగొచ్చు.

అప్పుడు అలా కాదు. సినిమా అంటే పదహారు రీళ్లు, ఒక్కో రీలు పది నిమిషాలు. పక్కపక్కన రెండు ప్రొజెక్టర్లు. తెర కుడి మూల పైన ఒక చుక్క మెరుస్తుంది. దాన్ని క్యూ మార్క్ అంటాం. అది కనిపించగానే రెండోదాన్ని నడిపించాలి, అదే చేంజోవర్. సరిగ్గా చేస్తే రీలు మారినట్టు ఎవరికీ తెలియదు. ఒక రీలు ఎగ్గొట్టినా తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ సినిమా పెద్ద ఊళ్లలో వారం తిరక్కుండానే ఎత్తేశారట. మా ఊళ్లో మాత్రం పిచ్చిగా చూశారు. బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో దాని పాటలే, పెళ్లి ఊరేగింపుల్లో దాని పాటలే. పాటలకు నేనూ దాసుడినే. కథ మాత్రం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. కథానాయికకు ఏడవడం తప్ప పని లేదు. మృదంగం గురువు కచేరీ మధ్యలో, నిండు సభలో, తాళం తప్పిన శిష్యుడి చెంప పగలగొడతాడు. దానికి జనం ఈలలు. శిష్యుడు వెళ్లిపోతాడు, కాసేపటికే వచ్చి గురువు కాళ్ల మీద పడతాడు. ఎందుకొచ్చాడో కారణమే లేదని టీ అంగడి దగ్గర మాట్నీ చూసొచ్చినవాళ్లు తిట్టేవాళ్లు. నేనూ తల ఊపేవాణ్ని. కారణం పన్నెండో రీల్లో ఉందని ఆ గుంపులో తెలిసింది నాకొక్కడికే.

మాట్నీ పూర్తిగా వేస్తే పల్లెల జనానికి ఐదున్నర బస్సు దొరికేది కాదు. "పన్నెండో రీల్లో పాట లేదు గదా, ఎగ్గొట్టు" అన్నాడు మేనేజర్. ఎగ్గొట్టాను. ఆడినన్నాళ్లూ మాట్నీకి అంతే.

మళ్ళీ వేసిన రోజు ఆట అయ్యాక మస్తాన్ సాహెబ్ మెట్లెక్కి నా గదిలోకి వచ్చాడు. గుళ్లలో, పెళ్లిళ్లలో నాదస్వరం ఊదే మనిషి, డెబ్బై దాటాయి. పొద్దున, సాయంత్రం గుడి సేవ ఉండేది కాబట్టి ఆయనకు ఖాళీ దొరికేది మాట్నీ వేళకే. ఆ రోజుల్లో ఆ సినిమాను ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

"ఏమప్పా ఓబులేసూ, గురువు శిష్యుని ఇంటికి పోయి తప్పు నాదని చెప్పే సీను యాడనుంచి వచ్చింది? అప్పుడు లేదు గదా."

"ఉండాదన్నా. నేనే వేయలేదు."

"వేయలేదంటే?"

బస్సు సంగతి చెప్పాను. ఆయన కుర్చీ లాక్కొని కూలబడ్డాడు. తమ్ముడు బాబయ్య పేరెత్తాడు. అన్నదమ్ములు జోడీగా ఊదేవాళ్లు. సినిమా వచ్చిన మరుసటి ఏడు ఒక పెళ్లిలో బాబయ్య తాళం తప్పితే, ఈయన అందరి ముందర చెంప మీద కొట్టాడు. తమ్ముడు ఆ రోజే అత్తగారి ఊరు కణేకల్ వెళ్లిపోయాడు. అంతవరకు ఊరందరికీ తెలుసు.

"వాడే రావల్ల అని కూర్చున్న్యా. సినిమాలో శిష్యుడే గదా వచ్చింది? గురువు ముందు పోయినాడని నాకేం తెలుసు?"

సిగ్గుతో చచ్చిపోయాను. "రేపు పోదామన్నా, నేనూ వస్తా" అన్నాను.

పొద్దున్నే బయల్దేరాం. మస్తాన్ సాహెబ్ తన నాదస్వరం గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కణేకల్‌లో బాబయ్య ఇంటి ముందర వడ్లు ఆరబోస్తున్నాడు. అన్నను చూసి చేతులు దులుపుకొని నిలబడ్డాడు.

"తప్పు నాదిరా బాబయ్యా. అంతమంది ముందర నిన్ను కొట్టకూడదుండె."

బాబయ్య మంచం వాల్చి "కూర్చో అన్నా" అన్నాడు. నీళ్లిచ్చాడు. మస్తాన్ సాహెబ్ గుడ్డ విప్పి నాదస్వరం చాపాడు. బాబయ్య దాన్ని అందుకుని, వేళ్లు రంధ్రాల మీద సరిగ్గా పెట్టి, మళ్ళీ తీసేశాడు. నోరు తెరిచి చూపించాడు. ముందు పండ్లు ఒక్కటీ లేవు.

"ఇంగ గాలి నిలవదన్నా. పదేండ్ల ముందు వచ్చింటే ఊదేవాణ్ని."

ఆ మధ్యాహ్నం అక్కడే అన్నం తిన్నాం. అన్నదమ్ములు పాత పెళ్లిళ్ల గురించి మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు కూడా.

వేళకు ఆట ముగించడమే ఆపరేటర్ పనితనం అని ఇన్నేళ్లూ అనుకున్నాను. చీకట్లో కూర్చున్న వాళ్లలో ఎవరికి ఏ సీను కావాలో పైన గదిలో ఉన్నవాడికి తెలియదు. తెలియనప్పుడు దాని జోలికి పోకూడదు. ఇది నాకు ఉద్యోగం చివర్లో తెలిసింది. తిరుగు బస్సులో మస్తాన్ సాహెబ్‌కు ఇదే చెప్పి, నన్ను క్షమించమన్నాను.

ఆయన కిటికీలోంచి చూస్తూనే జవాబు చెప్పాడు.

"నువ్వు తీసింది ఒక్క రీలప్పా. 'నువ్వే పోయి తమ్ముణ్ని పిల్చుకొని రా' అని నా పెండ్లాం బతికినన్నాళ్లూ చెప్తానే ఉండె. ఆ మాటను ఎవరు తీసేసినారు?"