పెద్దమ్మ గుప్పెడు బియ్యం

మా పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున, వరంగల్ మట్టెవాడలోని తన రెండు గదుల ఇంట్లో చనిపోయింది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడుగుతూ కూలబడిందట. పక్కింటామె చూసేసరికి ఊపిరి లేదు. ఆమె ఫోన్‌లో నాతో అన్న మొదటి మాట, "బియ్యం ఇంకా గిన్నెలనే ఉన్నయి సార్."

ఆ బియ్యం ఎవరి కోసమో నాకు తెలుసు. అందుకే ఏడుపు వెంటనే రాలేదు.

వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక గుప్పెడు విడిగా డబ్బాలో వేయడం, ఆదివారం ఆ డబ్బా చర్చికి పట్టుకెళ్లి ఇవ్వడం మా ఇళ్లలో ఆడవాళ్ల ఆనవాయితీ. దేవుని వంతు అంటారు. పెద్దమ్మ డబ్బా మూత దెబ్బ తగిలి వంకరపోయింది. మోకాలికి ఆనించి తెరిచేది. చిన్నప్పుడు ఆ డబ్బా నేను మోసేవాణ్ని. దారిలో నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే, "దేవుని వంతే బుక్కుతానవారా? పెద్దగైతే లీడర్‌వైతవు నువ్వు" అని నెత్తిన మొట్టేది.

మా నాన్నకు ఒక స్నేహితుడు ఉండేవాడు. చర్చి సమాధుల తోటకు రాతిగోడ ఇద్దరూ దగ్గరుండి కట్టించారు. తర్వాత స్నేహితుడు సంఘపెద్ద అయ్యాడు. నాన్నేమో పాస్టరుతో మాటపట్టింపు వచ్చి చర్చికి పోవడం మానేశాడు. నాన్న దవాఖానలో ఉన్నన్నాళ్లూ మాకు పెద్దమ్మ క్యారేజీయే వచ్చింది. సంఘపెద్ద కూడా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "నేనున్న గద, ఫికర్ జేయకు. నీ జాగ నీకే ఉంటది" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

నాన్న పోయిన రోజు, చర్చికి రానివాళ్లకు తోటలో చోటు లేదని కమిటీ తేల్చింది. సంఘపెద్ద ఆ కమిటీలో కూర్చున్నాడు. నోరు తెరవలేదు. ఆ గోడ పక్క నుంచే నాన్నను నెక్కొండ తీసుకెళ్లి, బాబాయి చేను గట్టున పాతిపెట్టాం. గట్టు మీద అమ్మను పట్టుకుని అందరికన్నా ఎక్కువ ఏడ్చింది పెద్దమ్మే.

కొన్నేళ్లకు సంఘపెద్దకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి ముడుచుకుపోయింది. భార్య అప్పటికే లేదు. పెద్దమ్మ డబ్బాలోని బియ్యం చర్చికి వెళ్లడం ఆగింది. మెత్తగా ఉడికి, మాకు వచ్చిన అదే క్యారేజీలో ఆయన ఇంటికి వెళ్లడం మొదలైంది. చర్చి ఆడవాళ్లు అడిగితే, "దేవుడు ఎట్లాగూ ముద్ద తినడు. ఈయన తింటాండు" అన్నదట. నాకు నవ్వు రాలేదు. తిన్నగా ఆమె ఇంటికి వెళ్లాను.

"నాన్నకు జాగ లేకుంట జేసినోనికి అన్నం పెడతానవా పెద్దమ్మా? సిగ్గనిపిస్తలేదా?"

"అనిపిస్తాంది," అన్నది, మూత మోకాలికి ఆనిస్తూ. "అయినా పోతాన."

"ఆయనంటే అంత ప్రేమనా?"

"ప్రేమనా! ఆయన మొఖం జూస్తెనే కడుపు మండుతది బిడ్డా. ఆ పిడికిలి తెరిచి కడిగేటాలకు నా పానం పోతది. చిటికెనేలు కాడ మొదలుబెడితెనే వస్తది, మొండి చెయ్యి."

"మరెందుకు?"

"మనసుల పుట్టేదాక ఆగితె ఎవ్వని నోట్లె ముద్ద పడదు. ప్రభువు ప్రేమించుమన్నడు గని, ముందుగాల ఇష్టపడుమనలే. చేతులతోటి చేసుడు నా పని. మనసు ఎనుకనుంచి వస్తె వస్తది, రాకపోతె రాకపాయె."

ఆ జవాబు నాకు సరిపోలేదు. ఇప్పుడూ సరిపోదు. నాన్నను మొదట సంఘపెద్ద వదిలేశాడు, తర్వాత తన సొంత అక్కే వదిలేసింది అన్నది అమ్మ. అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. నేను వెళ్లేవాణ్ని, చాయ్ తాగేవాణ్ని, ఆ క్యారేజీ వైపు చూసేవాణ్ని కాదు. ప్రేమ మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఒకరు ప్రేమిస్తే దాని బరువు పక్కవాళ్ల మీద కూడా పడుతుందని ఏ ప్రసంగంలోనూ వినలేదు.

బుధవారం పెద్దమ్మను అదే తోటలో, అదే గోడ లోపల సమాధి చేశాం. అందరూ గుప్పెడేసి మట్టి వేస్తున్నారు. గేటు దగ్గర ఆటో ఆగింది. సంఘపెద్ద ఎడమ చేత్తో కర్ర పట్టుకుని దిగాడు.

"రానియ్యకు," అన్నది అమ్మ, నా మోచెయ్యి పట్టుకుని.

ఆయన గుంత అంచుకు వచ్చి నిలబడ్డాడు. ఆటో డ్రైవర్ కాస్త మట్టి తీసి ఆయన కుడి చేతిలో పెట్టాడు. పిడికిలి బిగుసుకుపోయింది. ఆయన చెయ్యి చాపి ఊపాడు. మట్టి రాలలేదు. "అక్కా," అన్నాడు గుంతలోకి చూస్తూ. ఎవరూ కదల్లేదు. ఆ చెయ్యి తెరవడం తెలిసిన మనిషి పెట్టెలో ఉంది.

అమ్మ పట్టు విడిపించుకుని వెళ్లాను. ఆయన మణికట్టు పట్టుకున్నాను. చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టాను. వేళ్లు ఒక్కొక్కటే వచ్చాయి. నా మనసు రాలేదు. మట్టి కింద పడింది. అరచేతికి అంటుకున్నది నా బొటనవేలితో తుడిచి రాల్చాను.

తిరిగి చూస్తే అమ్మ మాకు వీపు పెట్టి నిలబడి ఉంది, నాన్న కట్టించిన గోడ రాళ్ల మీద అరచెయ్యి ఆనించి.