తలుపు వెనక సంచి

నిన్న బీరువాలో కలరా ఉండలు వేస్తుంటే ఆ వాసనకి నాన్న సంచి గుర్తొచ్చింది.

నాన్న జగ్గయ్యపేటలో ఎర్రజెండా పార్టీ నాయకుడు. రెండుసార్లు ఎమ్మెల్యేగా నిలబడి ఓడిపోయాడు. క్వారీ కూలీల కోసం, పోలీసు కేసుల్లో ఇరుక్కున్న పేదవాళ్ళ కోసం తిరుగుతూనే ఉండేవాడు. ఎప్పుడు అరెస్టు చేస్తారో తెలియదు కాబట్టి లుంగీ, తువ్వాలు, పళ్ళపొడి సర్దిన సంచి ఒకటి తలుపు వెనక సిద్ధంగా వేలాడేది. ప్రతి సోమవారం అమ్మ సంచి ఖాళీ చేసి, బట్టలు ఎండలో వేసి, కలరా ఉండలు పెట్టి మళ్ళీ సర్దేది. నేను బడి నుంచి వచ్చేసరికి తలుపు దగ్గర కలరా ఉండల వాసన ఘాటుగా ఉండేది.

అప్పుడు నాకు ఆరేళ్ళు. నాన్న నన్ను వదిలేసి ఏదో ఊరెళ్తాడనుకున్నాను. నన్నూ తీసుకెళ్ళక తప్పదని నా పసుపు గౌను సంచి అడుగున దాచేశాను.

మూడు వారాల తర్వాత క్వారీలో సమ్మె మొదలైంది. ఒక పొద్దున పోలీసు జీపు వచ్చింది. నాన్న తాగుతున్న టీ పూర్తిచేసి, సంచి తగిలించుకున్నాడు.

"నేనూ వస్తా నాన్నా!"

"అక్కడికి పిల్లల్ని రానివ్వరమ్మా."

పది రోజులకి నందిగామ జైలు నుంచి వచ్చి, మడతపెట్టిన గౌను నా చేతికిచ్చాడు. "నువ్వు రాకపోయినా నీ గౌను వచ్చిందే" అని నవ్వాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పలేదు.

ఎవరికీ తెలియకుండా దాచానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నిన్న బీరువా ముందు నిలబడి లెక్కేస్తే, గౌను దాచిన రోజుకీ జీపు వచ్చిన రోజుకీ మధ్యలో మూడు సోమవారాలున్నాయి.