క్వెక్ గారి నాలుగు అరలు

క్వెక్ తియాం సూ గారి తలలో నాలుగే అరలుండేవి. ఇది నేను ఆయన మీద కోపంతో అంటున్న మాట కాదు. ఆయనే పదిమందిలో సగర్వంగా చెప్పుకునే మాట. ఐదో సంగతి చెబితే మొదటిది జారి కింద పడిపోతుంది. పడిపోయినదాన్ని వంగి ఏరుకునే అలవాటు ఆయనకు లేదు.

ఈ జబ్బు ఆయనకు మా ఫ్యాక్టరీలో అంటుకుంది. సింగపూర్‌లో మేం తయారుచేసిన లెక్కల యంత్రం అన్ని యంత్రాల వంటిది కాదు. దానికి సమానం మీట లేదు. ఐదూ మూడూ కూడాలంటే ముందు ఐదు నొక్కి ఎంటర్ కొట్టాలి, తర్వాత మూడు నొక్కాలి, ఆఖరున కూడిక మీట నొక్కాలి. ఎనిమిది వచ్చి కూర్చుంటుంది. అంకెలు ముందు, వాటిని ఏం చెయ్యాలన్నది తర్వాత. లోపల ఒకదాని మీద ఒకటిగా నాలుగు అరలు. ఐదో అంకె వచ్చిందంటే అందరికన్నా ముందొచ్చిన అంకెకు చోటుండదు. ఒక పోలండు తార్కికుడి పద్ధతిని తిరగేస్తే వచ్చింది కనుక దీన్ని రివర్స్ పోలిష్ అంటారు. ఇంజనీర్లూ సర్వేయర్లూ ఆ యంత్రాన్ని ప్రాణంలా చూసుకునేవారు. క్వెక్ గారు వాళ్ళకన్నా ఒక అడుగు ముందుకు వేసి, తానే అది అయిపోయారు.

ఆయన భార్య గెక్ చూ గారికి ఈ సంగతి పెళ్ళయిన వారంలోనే తెలిసింది. "చేప ఉండలు, టోఫూ, తోటకూర, గుడ్లు, అల్లం" అని చెప్పి బజారుకు పంపితే నాలుగు పట్టుకుని వచ్చారట.

"చేప ఉండలేవి?"

"అల్లం తోసేసింది."

"అల్లం తోసెయ్యడమేమిటి?"

"నువ్వే కదా ఆఖర్న పెట్టావు. నన్నెందుకంటావు?"

గెక్ చూ గారు తెలివైన మనిషి. ఆ తర్వాత నుంచి అక్కర్లేని వస్తువు ఒకటి మొదట చెప్పడం నేర్చుకుంది. "గొడుగు, చేప ఉండలు, టోఫూ, తోటకూర, గుడ్లు." గొడుగు పడిపోయేది, మిగిలినవి ఇంటికొచ్చేవి. అయితే తెలివైన మనిషి కూడా ఒక్కోసారి లెక్క తప్పుతుంది. ఇంట్లో గుడ్లున్నాయని ఆ ఒక్కటీ మానేసిన రోజున గొడుగు నిక్షేపంగా నాలుగో అరలో మిగిలేది. అలా వచ్చిన గొడుగుల వల్ల వాన పడితే మా బ్లాకులో సగం మందికి ఆయనే దిక్కయ్యారు.

కింద కాఫీ కొట్టు హువాట్‌కు ఆయనంటే భయం. కాఫీ కావాలని క్వెక్ గారు ఎన్నడూ అనలేదు. ముందు సరుకులు చెప్పాలి, పని ఆఖర్న చెప్పాలి.

"డికాక్షన్. డబ్బా పాలు."

"ఊఁ, చెప్పండి అంకుల్."

"వేడినీళ్ళు."

"వెనకాల జనం నిలబడ్డారు అంకుల్. వాటిని ఏం చెయ్యమంటారు?"

"కలుపు."

"ఇక్కడే తాగుతారా, పొట్లం కట్టమంటారా?"

"అది వేరే లెక్క. ముందు దీని ఫలితం రానీ."

మా సహోద్యోగి బూన్ సెంగ్ పెళ్ళిలో ఆయన్ని రెండు మాటలు మాట్లాడమన్నారు. అడిగినవాడి తప్పది. క్వెక్ గారు లేచి, కోటు సర్దుకుని, "బూన్ సెంగ్" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. "సూ లాన్" అన్నారు, పెళ్ళికూతురి వంక చూసి. మళ్ళీ చప్పట్లు. తర్వాత పెళ్ళికొడుకు తండ్రి కంటనీరు పెట్టుకోవడానికి సిద్ధమయ్యేంతసేపు మౌనంగా ఉండి, "కూడిక" అని కూర్చున్నారు. వెనక బల్ల నుంచి ఎవడో, "గుణకారం ఎప్పుడు క్వెక్?" అని అరిచాడు. "ఆ మీట వాళ్ళ దగ్గరుంది" అన్నారు, తల తిప్పకుండా.

ఫ్యాక్టరీ మూతపడింది. మా యంత్రాలు పాత సామాన్ల కొట్లలోకి చేరాయి. లోకం లెక్కలన్నీ ఫోన్లోనే చేసుకోసాగింది. ఒకనాడు క్వెక్ గారు ఒక ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఎవరో పోయినప్పుడు కబురు చెప్పడానికి వచ్చే మనిషి ముఖం పెట్టుకున్నారు.

"ఇది చూడు. దీన్లో ఏముందో చూడు."

"ఏముందండీ?"

"సమానం మీట."

ఆ మీట పేరు ఆయన పలికిన తీరు వింటే, అది రాత్రిపూట గోడ దూకి వచ్చిందేమో అనిపించేది. సమానం మీట మనిషిని సోమరిని చేస్తుందని ఆయన సిద్ధాంతం. "ఏం చెయ్యాలో తెలిసినవాడికి ఆ మీట ఎందుకోయ్? 'ఇక చెప్పమ్మా' అని యంత్రాన్ని బతిమాలుకోవడానికా?" అన్నారు. అందుచేత మన యంత్రాన్ని మనమే ఫోన్లోకి ఎక్కించాలని తీర్మానం చేశారు. తీర్మానం చేసిన సభలో ఉన్నది ఆయనా నేనూ మాత్రమే. ఏకగ్రీవంగా నెగ్గింది.

లెక్క చేసే భాగం ఆయన రాశారు. నొక్కి చూసి తప్పులు పట్టడం నా వంతు. తెర, మీటలు, వాటి రంగులు, యాప్‌ను ఫోన్లోని యాప్‌ల దుకాణంలో పెట్టించడం, ఇదంతా రొహాయా పని.

రొహాయా సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో మీటలకు తొడుగులు బిగించే వరసలో ఆమె పనిచేసింది. జుట్టు నెరిసేదాకా అక్కడే ఉంది. ఇంజనీర్లకు ఆమె పేరు తెలియదు. మా మేనేజరు వాల్టర్ సియా గారు ఆమెను "ఏడో లైనూ" అని పిలిచేవారు. ఆయన ఉద్దేశంలో అది ఆప్యాయత. పని మానేశాక ఆమె గ్రంథాలయంలో పెట్టిన తరగతులకు వెళ్ళి ఫోన్లకు యాప్‌లు తయారుచేయడం నేర్చుకుంది. క్వెక్ గారి యాప్ దుకాణంలోకి ఎక్కిన రోజున దాని కింద 'తయారీ: రొహాయా' అని పడింది. ఆమె ఆ తెర ఫొటోను అక్కచెల్లెళ్ళందరికీ పంపింది. చదువు రాని పెద్దక్కకు బస్సెక్కి వెళ్ళి మరీ చూపించి వచ్చింది.

"మీ పేరు లేదేం సార్?" అని ఆమె క్వెక్ గారిని అడిగితే, "దుకాణం వాళ్ళకు నేను నింపిచ్చిన ఫారంలో ఐదు గడులున్నాయి. మొదటి గడి నా పేరు. ఐదోది నింపేసరికి పడిపోయింది" అన్నారు. ఆయన సంగతి తెలిసినవాళ్ళం కనుక మేమెవరమూ ఆశ్చర్యపోలేదు.

జనం యాప్ దించుకున్నారు. అభిప్రాయాలు రాశారు. 'సమానం గుర్తు ఎక్కడ? ఒక నక్షత్రం.' క్వెక్ గారు రొహాయా ఖాతాలోంచే జవాబిచ్చేవారు. 'లేదు.' ఇంకొకడు, 'రెండు, కూడిక, రెండు అని నొక్కితే ఏమీ రావడం లేదు' అన్నాడు. 'మీరు ఇంకా ఏమీ అడగలేదు' అని జవాబు. ఇవి చదివి రొహాయా పెద్దక్క కొడుకు తల్లికి వినిపించాడు. ఆవిడ చెల్లెలికి ఫోను చేసి, "నిన్ను ఇంత పొగరుగా పెంచామా?" అని చీవాట్లు పెట్టింది.

చైనా కొత్త సంవత్సరం వెళ్ళాక పాత ఫ్యాక్టరీ వాళ్ళం అందరం ఒకచోట భోజనం చేయడం మాకు ఆనవాయితీ. మలయ్ మిత్రులు కూడా తినాలి కనుక హలాల్ చైనా హోటలు. ఈసారి భోజనం కన్నా ముఖ్యమైనది యాప్. ఎన్నో ఏళ్ళ తర్వాత మా యంత్రం మళ్ళీ అందరి చేతుల్లోకి వస్తోంది. వచ్చిన ప్రతివాడూ కుర్చీలో కూర్చోకముందే దాన్ని ఫోన్లోకి దించుకున్నాడు. రొహాయా కొత్త పట్టు దుస్తుల్లో వచ్చింది. ఒకరిద్దరు ఇంజనీర్లు ఆమె దగ్గరికొచ్చి, "రొహాయా అంటే మీరేనా?" అని అడగడం నేను విన్నాను. పక్కపక్క గదుల్లో అన్నేళ్ళు పనిచేశాక జరిగిన పరిచయం అది.

రొయ్యల పళ్ళెం వచ్చింది. సియా గారు ఫోను తీశారు. పదవి పోయినా ఆయనకు పంపకాలు చేసే అలవాటు పోలేదు.

"ఇరవై రొయ్యలు. ఎంటర్. పదిమందిమి. భాగహారం." అని బిగ్గరగా చదువుతూ నొక్కి, తెర వంక చూసి ఆగిపోయారు. "సున్నా పాయింట్ ఐదు."

"అంటే తలకు అర రొయ్య" అన్నాడు బూన్ సెంగ్. "సార్, మీకు తోక వైపా, మీసాల వైపా?"

పక్క బల్ల దగ్గర ఇంకొకరు తీసివేత వేసి చూశారు. మూడు పళ్ళేల్లో ఒకటి తీస్తే మైనస్ రెండు వచ్చింది. "అయితే మనమే వంటవాడికి రెండు పళ్ళేలు బాకీ" అన్నారు. హాలంతా నవ్వింది. అందరూ ఫోన్లు తీసి భాగిస్తున్నారు, తీసేస్తున్నారు. ఎక్కడ చూసినా తిరగబడిన ఫలితాలే.

నాకు సంగతి తెలిసిపోయింది. నేను పరీక్షించినప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ తర్వాత రొహాయా తెర ఇంకా అందంగా కనబడాలని కింది రెండు అరల వరస మార్చింది. కూడికా గుణకారమూ వేసి చూసుకుంది. వరస ఎటు మారినా ఆ రెండింటికీ ఫలితం మారదు కదా. సరిపోయాయనుకుని పంపేసింది. ఇరవైని పదితో భాగించమంటే యాప్ పదిని ఇరవైతో భాగిస్తోంది. మా యంత్రం తెలిసినవాళ్ళు మాత్రమే చేయగలిగే తప్పు అది. మా యంత్రం తెలిసినవాళ్ళందరూ ఆ హాల్లోనే ఉన్నారు.

రొహాయాకు కూడా తెలిసిపోయింది. ఆమె చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

సియా గారు కళ్ళజోడు పైకెత్తి ఫోను దగ్గరగా పెట్టుకున్నారు. నాణ్యత సమావేశాల్లో ఆయన వాడే గొంతు బయటికొచ్చింది. "ఎవరి పని ఇది? ఇక్కడ ఒక్క పేరే ఉంది. తయారీ..."

"నా పని" అన్నారు క్వెక్ గారు, లేచి నిలబడి.

"ఇక్కడ నీ పేరు లేదు కదయ్యా."

"పేరు లేకపోతే తప్పు చెయ్యకూడదా? లెక్క రాసింది నేను. పై అర, కింది అర, దేన్ని దేనితో భాగించాలి, దేన్లోంచి దేన్ని తియ్యాలి. నాలుగూ తలలో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి సోయా సాస్ తెమ్మని కేకేసింది. ఐదోది వచ్చింది. మొదటిది పడింది."

అందరూ గెక్ చూ గారి వంక చూశారు. ఆవిడ ఒక్క క్షణం భర్త ముఖంలోకి చూసింది. ఆ తర్వాత రొహాయా చేతిలో కదలని చెంచా వంక చూసింది.

"సోయా సాస్ కాదు. మిరపకాయల సాస్" అంది విసుగ్గా. "అదీ తేలేదు ఈ మనిషి."

దాంతో కేసు కొట్టేశారు. సాక్ష్యం అంత పటిష్ఠంగా ఉంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? సియా గారు కూడా నవ్వేసి, "నువ్వు మారవయ్యా క్వెక్. ఏమ్మా రొహాయా, ఇతనితో ఎలా వేగుతున్నావు?" అన్నారు. ఆయన నోట ఆ పేరు రావడం నేను వినడం అదే మొదలు. రొయ్యల్ని చేత్తోనే పంచుకున్నాం. సియా గారికి మూడొచ్చాయి.

మర్నాడు పొద్దున్నే రొహాయా కొబ్బరి పిండివంటల డబ్బా పట్టుకుని క్వెక్ గారింటికి వచ్చింది. నేను అప్పటికే అక్కడున్నాను. ఆమె రాత్రే తప్పు సరిదిద్దేసింది. కొత్త యాప్ పంపేముందు, ఏం మారిందో ఒక ముక్క రాయాలి. ఫోను క్వెక్ గారి ముందు పెట్టింది.

"సార్, నిన్న అబద్ధం ఎందుకు చెప్పారు?"

"ఏది?"

"ఆ తప్పు నాదని మీకు తెలుసు."

"ఏ తప్పు?" అన్నారు క్వెక్ గారు డబ్బా మూత తీస్తూ. "నిన్న భోజనంలో రొయ్యలు, బాతు, నూడుల్స్, నారింజలు, ఇన్ని వచ్చాయి. అంతకు ముందుది ఏదీ నా దగ్గర లేదు."

"నాటకాలొద్దు. నేను రాసింది చదవండి."

ఆయన చదివారు. 'తీసివేత, భాగహారం. తప్పు: రొహాయా. దిద్దినది: రొహాయా.'

కళ్ళజోడు మీంచి ఆమెను చూశారు. "రెండు చోట్లా నీ పేరే వేసుకున్నావు" అన్నారు నిష్ఠూరంగా. "ఇంత స్వార్థం నీలో ఉందనుకోలేదు. పైన తయారీ అన్న చోటా నువ్వే, కింద దిద్దిన చోటా నువ్వే. నా యాప్‌లో నాకు తప్పయినా మిగల్చవా?"

రొహాయా నవ్వబోయి ఆగింది. "ఫారంలో మీ పేరు నిజంగా పడిపోయిందా సార్?"

క్వెక్ గారు నోట్లో పిండివంట పెట్టుకున్నారు. అది నమిలి మింగేదాకా మాట్లాడరని మాకందరికీ తెలుసు. చాలా నెమ్మదిగా నమిలారు. ఆమె ఎదురుచూసి, ఎదురుచూసి, చివరికి ఫోను తీసుకుని మొదటి రొహాయాను చెరిపి క్వెక్ అని పెట్టింది. పంపే మీట నొక్కింది.

గెక్ చూ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, రొహాయా భుజం మీంచి వంగి ఆ ముక్క చదివింది.

"ఇన్నేళ్ళ కాపురంలో ఈయన ఒప్పుకున్న తప్పు ఇదొక్కటే" అంది. "అదీ పక్కవాళ్ళది."