ఎర్ర బకెట్ బేరం

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. హబ్సిగూడలో ఒక ల్యాబులో కొత్తగా ఉద్యోగం. అదే ల్యాబుకు జపాన్ నుంచి ఒకామె వచ్చింది. నేను అక్క అనేదాన్ని. ఆమె నాచారంలో మా ఇంటి మీది గదిలో కిరాయికి దిగింది. "ఆమెను జర చూసుకో బిడ్డా, నీదే జిమ్మేదారి" అన్నడు మా పెద్దసారు. (ఆయన అన్నది ల్యాబు వరకే కావచ్చు. నేనైతే ఆమె బతుకంతా నెత్తిన వేసుకున్న.) ఆమె కిరాణా కొట్టు ముందు లైనులో నిలబడేది. ఆ లైనులో ఆమె ఒక్కతే. జనం అటునుంచి ఇటునుంచి చేతులు చాపి పాలు, పప్పు పట్టుకపోతుంటే, అందరికీ తల వంచి దారిచ్చి, చివరికి ఉత్త చేతులతో తిరిగొచ్చేది. బజార్లో ఎవరెంత చెప్తే అంత ఇచ్చి, పైగా దండం పెట్టేది. చూసి మా అమ్మ ప్రాణం ఉసూరుమనేది.

అందుకే ఒక శనివారం సాయంత్రం ఉప్పల్ అంగడికి తీసుకపోయి బేరం నేర్పిన. "సగానికి అడగాలె. ఇయ్యనంటే ఎన్కకు సూడకుండ నడవాలె. ఆయనే పిలుస్తడు." అక్క బుద్ధిగా తలూపింది. దొంగలుంటరని ఆమె ఫోను, పర్సు నా సంచిలో వేసుకున్న. ఒక ఎర్ర బకెట్ చూపించి, అక్క వచ్చీరాని తెలుగులో సగానికి అడిగింది. "గట్ల రాదమ్మా" అన్నడు బకెట్లాయన. ఆమె గిరుక్కున తిరిగి నడిచింది. ఆయన పిలవలే. "జర పిలువన్నా, ఇప్పుడే నేర్చుకుంటున్నది" అని నేను బతిమాలుతుంటే నవ్వుకుంట ఇంకో గిరాకీని చూసుకున్నడు. నేను తిరిగి చూసేసరికి జనంలో అక్క లేదు.

ఫోను నా దగ్గరే ఉంది. మా గల్లీ పేరుకు ఆమె నోరు తిరగదు. టమాటాలోళ్లను, ఆటో అన్నలను అడుక్కుంట మెట్రో స్తంభాల కింద ఉరికిన. చెప్పు తెగితే చేతిలో పట్టుకుని ఉరికిన. పెద్దసారుకు ఏం చెప్పాలె? జపాన్‌లో వాళ్లమ్మకు ఎవరు చెప్పాలె? ఏడుపొచ్చేసింది.

అంగడి చివర, కొత్తిమీర అమ్మే పెద్దమ్మ పక్కన గోనెపట్టా మీద కూర్చుని చాయ్ తాగుతున్నది అక్క. "నీ మనిషేనా బిడ్డా?" అంది పెద్దమ్మ. "ఎన్కకు సూడది, పక్కకు సూడది, సక్కగ రోడ్డు మీదికే పోతున్నది. బస్సు కింద పడతదని రెక్క పట్టి కూసోబెట్టిన." అక్క నన్ను చూసి ఆత్రంగా అడిగింది. "పిలిచాడా?"

బకెట్ ఆయన చెప్పిన ధరకే కొన్నం. సోమవారం ల్యాబులో, అన్నాలప్పుడు, అక్క లేచి ఆ కథంతా నటించి చూపించింది. బకెట్లాయననూ, పెద్దమ్మనూ, ఆఖరికి చేతిలో చెప్పుతో ఏడ్చుకుంట ఉరికొచ్చిన నన్నూ. నవ్వలేక పెద్దసారుకు పొలమారింది. నాకు మస్తు కోపమొచ్చి ఆమెతో మాట్లాడడం బంద్ చేసిన. ఆమె వాళ్ల దేశం పోయి చాలా ఏండ్లయింది. ఇప్పుడైతే ముందు వరుసలో కూర్చుని, ఇంకొక్కసారి చేసి చూపించమని అడుగుత. ఎంత భయపడ్డదో పాపం, చెప్పు చేతిలో పట్టుకుని ఉరికిన ఆ పిల్ల.